ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డిపరక వోడ్కాకు వాసన ఎందుకు తెలియదు?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. సీసాలో ఒక గడ్డిపరక నిలబెట్టి ఉండే పోలండ్ వోడ్కా, జుబ్రూవ్కా, మీకు మూడు సందర్భాల్లో మూడు రకాలుగా తారసపడింది. ఒక స్నేహితుడు దాన్ని రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి చిన్న గ్లాసులో పోసి ఇస్తే చల్లదనం, కొద్దిపాటి తీపి తప్ప మరేమీ తెలియలేదు. మరోచోట యాపిల్ రసంలో కలిపి ఇస్తే దాల్చినచెక్క వేసి కాల్చిన యాపిల్ కేకు గుర్తుకొచ్చింది. మూడోసారి అల్మరాలోంచి తీసిన సీసా మూత తిప్పి వాసన చూడబోతే ముక్కు మండింది. ఈ మూడింటిలో అసలు రుచి ఏది, దీన్ని పద్ధతిగా రుచి చూడాలంటే ఎలా అని అడిగారు. కూమరిన్ అనే పదార్థం గురించి విన్న భయంలో నిజమెంత అని చివర్లో మరో మాట కూడా చేర్చారు.

మీకు ఎదురైన మూడూ ఆ సీసాలో ఉన్నవే. ఒక్కో పద్ధతి ఆ ద్రవంలోని ఒక గుణాన్ని ముందుకు తెచ్చి మరొకదాన్ని వెనక్కి నెడుతుంది. ఫ్రీజర్ మంటను అణచేటప్పుడు పరిమళాన్ని కూడా అణచేస్తుంది. గది వేడిమి పరిమళాన్ని వదిలేటప్పుడు ఆల్కహాలు ఆవిరిని కూడా వదులుతుంది. యాపిల్ రసం అయితే పరిమళాన్ని తనతో కలుపుకొని కొత్తగా చూపిస్తుంది. అందువల్ల ఎలా తాగితే హాయిగా ఉంటుంది అన్నది ఒక ప్రశ్న, ఇందులో ఏముంది అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి ఫ్రీజర్ మంచి జవాబే కావచ్చు. రెండోదానికి ఫ్రీజర్‌తో మొదలుపెట్టడమంటే కళ్లు మూసుకుని రంగు చెప్పబూనడమే. మద్యాల రుచి పరీక్షల్లో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నవాడిగా నేను చెప్పగలిగేది వరుస గురించి: ముందు గది వేడిమిలో, తర్వాత నీళ్లతో, తర్వాత చల్లగా, చివర్లో రసంతో. ఈ వరుస తలకిందులైతే నాలుక, ముక్కు రెండూ మోసపోతాయి.

రుచి చూడబోయే ముందు సీసాలో ఏముందో కొంచెం తెలుసుకోవాలి. ఈశాన్య పోలండ్‌లోని పొద్లాషె ప్రాంతంలో, బియావోవియెజా అడవి చుట్టుపక్కల, ఒక రకం సువాసన గడ్డి పెరుగుతుంది. ఆ అడవిలో తిరిగే ఐరోపా బైసన్ అనే అడవి ఎద్దును పోలిష్ భాషలో జుబ్ర్ అంటారు. గడ్డికీ వోడ్కాకూ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఈ వోడ్కా బియావిస్తోక్ నగరంలో తయారవుతుంది. ఉత్తర పొద్లాషె మైదానపు బైసన్ గడ్డి సారంతో పరిమళింపజేసిన మూలికల వోడ్కా అన్న వర్ణనకు ఐరోపా సంఘంలో భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ వర్ణనలో సారం అన్న మాటను గమనించండి. పరిమళం ప్రధానంగా గడ్డి సారం నుంచి వస్తుంది, సీసాలో నిలబడి ఉన్న ఆ ఒక్క పరక ఎక్కువగా ఆనవాలు మాత్రమే. పరక పొడవుగా ఉంటే వాసన ఎక్కువని, సీసా అడుగున మిగిలినది మరింత ఘాటుగా ఉంటుందని చెప్పే మాటలను నేను పట్టించుకోను.

ఆ పరిమళానికి మూలం మీరు భయపడుతున్న కూమరినే. పచ్చిగా ఉన్న గడ్డిలో అది చక్కెరతో కట్టుబడిన రూపంలో ఉంటుంది కాబట్టి వాసన అంతగా తెలియదు. గడ్డి కోసి ఆరబెట్టినప్పుడు కణాలు చితికి, ఆ కట్టు విడిపోయి, కూమరిన్ బయటపడుతుంది. కోసిన గడ్డి ఒకటి రెండు రోజులు ఎండలో వాడాక వచ్చే తియ్యటి వాసన చాలావరకు ఇదే. దీన్ని మొదట 1820లో టోంకా గింజల నుంచి వేరుచేశారు, 1868లో ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త విలియం పెర్కిన్ ప్రయోగశాలలో తయారుచేశాడు, 1882 నాటికి అది అత్తర్లలోకి కూడా చేరింది. కొందరికి ఇది వెనీలాలా, కొందరికి బాదంలా, కొందరికి ఎండుగడ్డిలా తోస్తుంది. మీరు ఏది రాసుకున్నా తప్పు కాదు.

రుచి చూసేవారికి ఉపయోగపడేవి మాత్రం దాని రెండు గుణాలు. మొదటిది, కూమరిన్ బరువైన పదార్థం, నెమ్మదిగా ఆవిరవుతుంది. నిమ్మ తొక్క వాసనలా ఒక్క క్షణంలో ఎగిరి ముక్కుకు తగలదు, వేడి తగ్గితే ఇంకా బద్ధకిస్తుంది. రెండోది, అది ఆల్కహాలులో సులువుగా కరుగుతుంది, నీళ్లలో అంతగా కరగదు. మీ మూడు అనుభవాల్లో చాలా భాగాన్ని ఈ రెండు గుణాలతోనే వివరించవచ్చు.

ఇక సరంజామా. చిన్న గుండ్రటి షాట్ గ్లాసు పక్కన పెట్టండి, అది గొంతులో పోసుకోవడానికి చేసినది. అడుగు వెడల్పుగా, అంచు దగ్గర ఇరుకుగా ఉండే చిన్న గ్లాసు కావాలి. విస్కీ, షెర్రీల వాసన చూడటానికి వాడే తులిప్ ఆకారపు గ్లాసు దొరికితే మేలు, లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. ఒకే రకం గ్లాసులు నాలుగు తీసుకోండి. ఒక్కో గ్లాసుకు 15 మి.లీ. మించవద్దు. 40 శాతం బలమున్న వోడ్కా 15 మి.లీ.లో దాదాపు 4.7 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలు ఉంటుంది, నాలుగు గ్లాసులూ మింగితే దాదాపు 19 గ్రాములవుతుంది. అప్పటికి మీ తీర్పు మీద మీకే నమ్మకం ఉండకూడదు. అందుకే ఉమ్మడానికి ఒక పాత్ర పెట్టుకోండి. వృత్తిగా రుచి చూసేవారు చాలామంది ఉమ్ముతారు, అందులో నామోషీ ఏమీ లేదు. తాగడానికి మామూలు నీళ్లు, నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పు లేని బ్రెడ్ ముక్క ఉంటే చాలు.

గ్లాసుల శుభ్రత గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి ఒక మూలికల వోడ్కా మీద 'పూల పరిమళం, మల్లెకు దగ్గరగా' అని గర్వంగా రాసుకున్నాను. పక్కన కూర్చున్న సహచరుడు అదే సీసాలో పువ్వు ఊసే లేదన్నాడు. గ్లాసులు మార్చుకుని చూస్తే మల్లెపూలు నా గ్లాసు గోడలకు అంటుకున్న గిన్నెలు తోమే సబ్బులో ఉన్నాయి. అప్పటి నుంచి రుచి చూసే గ్లాసులను వేడినీళ్లతోనే కడిగి, తలకిందులుగా ఆరబెట్టి, పోసే ముందు ఖాళీ గ్లాసు వాసన చూడటం అలవాటు చేసుకున్నాను. ఖాళీ గ్లాసుకు ఏ వాసనా ఉండకూడదు. బట్టతో తుడిస్తే బట్ట వాసన వస్తుంది, చెక్క అల్మరాలో బోర్లిస్తే చెక్క వాసన వస్తుంది.

మొదటి గ్లాసు గది వేడిమిలో, అంటే 20 డిగ్రీల దగ్గర, ఏమీ కలపకుండా. వైన్‌లాగా గ్లాసును తిప్పకండి, తిప్పితే ముందు లేచేది ఆల్కహాలు ఆవిరి. మీ ముక్కు మండటానికి కారణం అదే. సీసా మూతి ఇరుకుగా ఉంటుంది, ఆ ఇరుకులో ఆల్కహాలు ఆవిరి కూడుకుని ఉంటుంది, మీరు నేరుగా దాన్నే పీల్చారు. గ్లాసును ముందు గడ్డం ఎత్తున పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, మామూలుగా ఊపిరి తీసుకోండి. తర్వాత కొద్దికొద్దిగా ముక్కు దాకా తెండి. మంట మొదలైన చోట ఆపి, ఒక అంగుళం వెనక్కి రండి. చాలామందికి పరిమళం దొరికే చోటు ఆ అంగుళమే. మొదట దొరికింది రాసుకుని, గ్లాసును పది నిమిషాలు వదిలేయండి. తిరిగి వచ్చి చూస్తే పైనున్న ఆల్కహాలు ఆవిరి కొంత పలచబడి, ఎండుగడ్డి వాసన ముందుకు వచ్చి ఉంటుంది. మొదటిసారి పచ్చి ఆకులా తోచినది రెండోసారి వెనీలావైపు జరగడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు నాలుక మీదికి. ఒక చెంచాలో సగం చాలు. మింగకుండా పది క్షణాలు నోరంతా తిప్పండి, మంట వచ్చి తగ్గేదాకా ఓపిక పట్టండి. ఈ మంట రుచి కాదు. వేడినీ మిరపకాయ కారాన్నీ గుర్తించే గ్రాహకం ఒకటి నోటిలో ఉంటుంది, అది మామూలుగా 42 డిగ్రీల చుట్టుపక్కల మేల్కొంటుంది. ఆల్కహాలు తగిలితే సుమారు 34 డిగ్రీలకే మేల్కొంటుంది. నోటి వేడిమి అంతకంటే ఎక్కువే కాబట్టి, చల్లటి వోడ్కా అయినా నోట్లో వేడెక్కేసరికి కాలినట్టు అనిపిస్తుంది. మొదటి గుక్కలో ఈ మంట తప్ప ఏమీ తెలియకపోవడం సహజం, ఆ గుక్కను నేను లెక్కలోకి తీసుకోను. రెండో గుక్క తర్వాత నోరు మూసుకుని ముక్కు ద్వారా మెల్లగా ఊపిరి వదలండి. గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే ఆ గాలిలోనే గడ్డి, బాదం, కొద్దిపాటి మిరియం లాంటి ఘాటు వేరువేరుగా తెలుస్తాయి.

రెండో గ్లాసు నీళ్లతో. చాలామంది దీన్ని పట్టించుకోరు, నాకు మాత్రం నాలుగింటిలో నిజం చెప్పేది ఇదే. 15 మి.లీ. వోడ్కాకు 15 మి.లీ. వాసన లేని నీళ్లు కలిపితే బలం సుమారు 20 శాతానికి దిగుతుంది. విస్కీలను మిశ్రమం చేసేవారు కూడా వాసన చూసేటప్పుడు ఆ బలానికి దగ్గరగానే తెచ్చుకుంటారు. కూమరిన్ ఆల్కహాలులో ఇష్టంగా, నీళ్లలో అయిష్టంగా కరుగుతుందని ఇంతకుముందు చెప్పాను కదా. నీళ్లు పెరిగేకొద్దీ అది ద్రవంలో నిలవలేక పైకి, గాలిలోకి మళ్లుతుంది. పైగా ముక్కును మండించే ఆల్కహాలు ఆవిరి బాగా తగ్గుతుంది. అందుకే ముక్కును నేరుగా గ్లాసులో పెట్టినా మండదు. ఈ గ్లాసులో మొదటిసారి మీకు గడ్డి వాసన వెనుక కొద్దిపాటి చేదు, ఎండిన మూలికల వగరు కనిపించవచ్చు. చక్కెరతో లోపాలు కప్పిన చవక మూలికల వోడ్కాలు ఇక్కడే దొరికిపోతాయి. నీళ్లు కలిపితే వాటిలో తీపి నీళ్లు తప్ప ఏమీ మిగలవు. ఐరోపా సంఘం నిబంధనలు రుచి కలిపిన వోడ్కాలో తీపిని లీటరుకు 100 గ్రాముల లోపు దాకా అనుమతిస్తాయి, కనీస బలం 37.5 శాతం ఉండాలంటాయి. ఆ పరిధిలోనే పలచటి మూలికల సారం, చిక్కటి తీపి కలిసి ఒక మంచి లేబుల్ వెనుక దాక్కునే వీలుంది.

కొందరికి నీళ్లు కలపడం వోడ్కాను పాడుచేయడంలా అనిపిస్తుంది. రుచి చూడటానికి కలిపిన ఆ 15 మి.లీ. మీ సీసాను పాడుచేయదు. నచ్చకపోతే ఆ గ్లాసును పారబోయండి, తెలుసుకున్నది మాత్రం మీతో ఉంటుంది.

మూడో గ్లాసు, మీ స్నేహితుడి పద్ధతి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, 40 శాతం వోడ్కా గడ్డకట్టాలంటే మైనస్ 25 కన్నా దిగువకు వెళ్లాలి. కాబట్టి సీసా గడ్డకట్టదు, కానీ ద్రవం చిక్కబడుతుంది. దాన్ని గ్లాసులో పోస్తున్నప్పుడు చూడండి. నీళ్లలా చిందకుండా పలచటి పాకంలా జారుతుంది, గ్లాసు బయట మంచు పొర పడుతుంది, ఒక వేలితో తుడిస్తే ఆ చారలోంచి లేత పసుపు పచ్చ రంగు కనబడుతుంది. చూడటానికి ఇంతకన్నా అందమైన పద్ధతి లేదు. నోట్లో వేసుకుంటే మంట ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే నోరు ముందు దాన్ని వేడెక్కించాలి. అప్పటికే మీరు మింగేసి ఉంటారు. బద్ధకిష్టి అయిన కూమరిన్ ఆ చలిలో అసలు లేవదు. తీపి కూడా చలిలో మందగిస్తుంది కాబట్టి, మీకు కొద్దిపాటి తీపిలా అనిపించినది నా ఊహలో చాలావరకు ఆ చిక్కదనమే.

అయినా ఈ పద్ధతిని తీసిపారేయను. పోలండ్‌లో భోజనంతో, ముఖ్యంగా ఉప్పులో ఊరిన దోసకాయ, హెరింగ్ చేప, రై బ్రెడ్ వంటి వాటితో చల్లటి వోడ్కా చిన్న గ్లాసుల్లో తాగడం పాత అలవాటు. అక్కడ వోడ్కా పని నోటిని శుభ్రం చేయడం, తిండి ముందు నోరెత్తకుండా ఉండటం. దానికి చలి సరైనదే. ఫ్రీజర్ గ్లాసునే పరిశీలించాలని ఉంటే ఒక పని చేయండి. మింగకుండా నోట్లో పట్టుకుని, అది వేడెక్కే వరకు ఆగండి. ఇరవై క్షణాల దగ్గర గడ్డి వాసన ఒక్కసారిగా ముక్కు వెనుక విచ్చుకుంటుంది. మామూలుగా గుటక వేసేవారు ఆ ఇరవై క్షణాలు ఎప్పుడూ ఆగరు.

ఫ్రీజరుకూ గదికీ మధ్య ఫ్రిజ్ ఉంది, 4 నుంచి 6 డిగ్రీలు. నన్ను అడిగితే జుబ్రూవ్కాను ఏమీ కలపకుండా తాగేవారికి ఇదే మంచి మెట్టు. మంట కొంత తగ్గుతుంది, పరిమళం పూర్తిగా చావదు, గ్లాసు చేతిలో వేడెక్కేకొద్దీ పరిమళం పెరుగుతూ వస్తుంది కూడా. ఐసు మీద పోసి తాగేవారు ఐసు ఎలా ఉందో చూసుకోవాలి. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన పెద్ద గడ్డ ముందు చల్లబరుస్తుంది, నీళ్లు ఆలస్యంగా ఇస్తుంది. బయట పెట్టి తడిసిన చిన్న ముక్కలు రెండు నిమిషాల్లోనే నీళ్లు కలుపుతాయి. మొదటిది ఫ్రీజర్ గ్లాసుకు దగ్గర, రెండోది నీళ్లు కలిపిన గ్లాసును చల్లగా చేసినట్టు. ఒకే పేరుతో రెండు వేర్వేరు పానీయాలు తాగుతూ ఒకరితో ఒకరు వాదించుకునేవారిని చూశాను.

నాలుగో గ్లాసు యాపిల్ రసంతో. పోలండ్‌లో దీన్ని షార్లోట్కా అంటారు, ఆ మాటకు యాపిల్ కేకు అని అర్థం. తతాంకా అనే పేరు కూడా ఉంది, అది ఉత్తర అమెరికా లకోటా ప్రజల భాషలో బైసన్‌కు వాడే మాట. ఒక వంతు వోడ్కాకు రెండు మూడు వంతుల రసం. 50 మి.లీ. వోడ్కాకు 100 మి.లీ. రసం పోస్తే బలం 13 శాతానికి, 150 మి.లీ. పోస్తే 10 శాతానికి దిగుతుంది. తాగుతున్నప్పుడు ఆ బలం నాలుకకు తెలియదు, తర్వాత తెలుస్తుంది. ఎవరికైనా కలిపి ఇచ్చేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి.

మీకు దాల్చినచెక్క ఎందుకు గుర్తుకొచ్చింది? రసంలో దాల్చినచెక్క వేయలేదని మీరే రాశారు. బజారులో ఎక్కువగా దొరికే కాసియా రకం దాల్చినచెక్కలో కూమరిన్ గణనీయంగా ఉంటుంది. దాని పక్కన యాపిల్ పులుపు, తీపి, పండు వాసన చేరితే, ఆ మూడూ కలిసి ఉన్న జ్ఞాపకాన్ని మెదడు తనంతట తానే పూర్తి చేస్తుంది. లేని దాల్చినచెక్కను మీరు ఊహించుకోలేదు, దాల్చినచెక్కలో ఒక భాగం నిజంగానే ఆ గ్లాసులో ఉంది. అంతేకాక రసంలోని నీళ్లు రెండో గ్లాసు పనినే చేస్తాయి, అంటే కూమరిన్‌ను గాలిలోకి నెడతాయి. యాపిల్‌లోని మాలిక్ ఆమ్లం తీపిని కాస్త కోసి నోటిని తాజాగా ఉంచుతుంది. ఈ కలయిక ఇంత విస్తరించడం వెనుక కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఇక్కడ జరిగే తప్పులన్నీ రసం విషయంలోనే. వడకట్టి మెరిసేలా చేసిన తీపి రసం గడ్డి పరిమళాన్ని మింగేస్తుంది. పిండాక వడకట్టని, మబ్బుగా ఉండే పులుపు రసం కావాలి. దాని మీద దాల్చినపొడి చల్లడం మరో తప్పు. మీరు గుర్తుపట్టాల్సిన దాన్నే పొడి చల్లి కప్పేసినట్టు అవుతుంది. ఐసు నింపడం కూడా వద్దు, రసం ఫ్రిజ్ చలిలో ఉంటే చాలు. రసాన్ని విడిగా ఒక గుక్క తాగి, తర్వాత కలిపినదాన్ని తాగితే వోడ్కా ఏం చేర్చిందో స్పష్టంగా తెలుస్తుంది. ఈ చిన్న పని ఎవరూ చేయరు.

టానిక్ వాటర్‌తో జుబ్రూవ్కా నాకు నచ్చదు. అందులోని క్వినైన్ చేదు ముందుకొచ్చి, గడ్డి తీపిని అసహజంగా చూపిస్తుంది. అల్లం సోడా కారం వోడ్కా మంటతో కలిసిపోతుంది, పరిమళం ఎక్కడా కనిపించదు. వేడి టీలో పోస్తే ఆల్కహాలు ముందు లేచి కళ్లు చెమర్చేలా చేస్తుంది, కానీ టీ చల్లారాక అడుగున మిగిలిన చివరి గుక్క మాత్రం బాగుంటుంది. దీనికి నా దగ్గర శాస్త్రం లేదు.

ఇదే వరుస మిగతా మూలికల వోడ్కాలకు కూడా పనికొస్తుంది, కానీ ఫలితాలు మారతాయి. సోంపు, అనాసపువ్వు జాతి వాసనలున్నవాటికి నీళ్లు కలిపితే పాలలా తెల్లబడతాయి. వాటిలోని అనెథోల్ నూనె బలం తగ్గగానే చిన్న బిందువులుగా విడివడటమే కారణం, పానీయం చెడిపోలేదు. పుదీనా ఉన్నదాన్ని చల్లబరిస్తే పరిమళం తగ్గినా చల్లదనం మాత్రం పెరిగినట్టు తోస్తుంది, ఎందుకంటే మెంథాల్ చలిని గుర్తించే గ్రాహకాన్నే తాకుతుంది. మిరపకాయ వేసిన ఉక్రెయిన్ తరహా వోడ్కాలను మాత్రం గది వేడిమిలో మొదలుపెట్టమని చెప్పను. కారం, ఆల్కహాలు రెండూ ఒకే గ్రాహకాన్ని పట్టుకుని ఊపుతాయి, ఆ తర్వాత అరగంట దాకా ఏ రుచీ పట్టుబడదు. వాటిని వరుసలో చివరన పెట్టండి. చేదు వేళ్లతో చేసినవి నీళ్లతోనే బాగా మాట్లాడతాయి.

కూమరిన్ భయం గురించి అడిగారు. అమెరికాలో ఆహారంలో కూమరిన్ చేర్చడాన్ని 1954లో నిషేధించారు. జంతువులపై ప్రయోగాల్లో కాలేయానికి హాని కనబడటం దానికి నేపథ్యం. తర్వాత 1978లో అసలు జుబ్రూవ్కా దిగుమతిని ఆపారు, మరికొంత కాలానికి ఆ మార్కెట్ కోసం కూమరిన్ లేని రకం వచ్చింది. మీ సీసా ఏ రకమో ముందు చూసుకోండి, ఎందుకంటే కూమరిన్ లేని రకంలో నేను పైన వర్ణించిన ఎండుగడ్డి గుణం వేరుగా ఉంటుంది. ఇక రక్తాన్ని పలచబరుస్తుందన్న మాట పొరపాటు నుంచి పుట్టింది. బూజు పట్టిన ఒక రకం మేత గడ్డిలో కూమరిన్ మారి డైకూమరాల్ అనే వేరే పదార్థం తయారవుతుంది, పశువుల్లో రక్తస్రావానికి కారణమైనది అది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మందు దాని వారసత్వంలో వచ్చిందే. మామూలు కూమరిన్‌కు ఆ పని లేదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ దీనికి రోజుకు శరీర బరువులో కిలోకు 0.1 మి.గ్రా. చొప్పున సహించదగిన పరిమాణంగా పెట్టింది, అంటే 60 కిలోల మనిషికి 6 మి.గ్రా. నాలుగు గ్లాసుల రుచి పరీక్షలో నన్ను ముందు ఆలోచింపజేసేది కూమరిన్ కన్నా ఆల్కహాలే. కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మందులు వాడేవారు, గర్భిణులు, బండి నడపాల్సినవారు ఈ ప్రయోగానికి దూరంగా ఉండాలి. ఇంట్లో ఎండిన గడ్డిని గుప్పెళ్లకొద్దీ మామూలు వోడ్కాలో నానబెట్టడం కూడా వద్దంటాను. దానిలో ఎంత దిగిందో కొలిచే మార్గం మీ దగ్గర ఉండదు.

మీ మాట మీద మీకే అనుమానం ఉంటే మూడు గ్లాసుల పరీక్ష చేయండి. వాసన, రుచి పరీక్షల ప్రయోగశాలలు వాడే పద్ధతే ఇది. రెండు గ్లాసుల్లో ఒకే వోడ్కా, మూడోదానిలో వేరేది పోసి, అన్నీ ఒకే వేడిమిలో, ఒకే బలంలో ఉంచి, ఏది వేరో తెలియకుండా మరొకరు మీ ముందు పెట్టాలి. వేరేది ఏదో చెప్పడమే మీ పని. ఊరికే ఊహిస్తే మూడింటిలో ఒకసారి సరిపోతుంది, కాబట్టి ఒక్కసారి సరిగ్గా చెప్పి మురిసిపోకండి, కనీసం ఆరేడుసార్లు తిరగేయండి. నీళ్లు కలిపిన రెండు వోడ్కాలను ఇలా గుర్తుపట్టే మనిషి, అవే రెండూ ఫ్రీజర్‌లోంచి తీసి ఇస్తే తడబడటం నేను పదేపదే చూశాను. ఆ మనుషుల్లో నేనూ ఒకడిని.

అన్నీ అయిపోయాక మొదటి గ్లాసును మాత్రం కడగకండి. ఏమీ కలపని వోడ్కా పోసిన ఆ గ్లాసును ఖాళీ చేసి, బల్ల మీదే రాత్రంతా వదిలేయండి. ఆల్కహాలు గంటలోనే వెళ్లిపోతుంది, బరువైన కూమరిన్ గ్లాసు గోడలకు పట్టుకుని ఉంటుంది. పొద్దున్నే ఆ ఖాళీ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. అప్పుడు వచ్చే ఎండుగడ్డి వాసనను మీ నోటు పుస్తకంలో మొదటి వరుసగా రాసుకుని, నాలుగు గ్లాసుల మీద మీరు రాసుకున్నదాన్ని దానితో పోల్చుకోండి.